తపసి బంక నుంచి పైపూత మందు దాకా

మాత్ర మింగకుండా, సూది గుచ్చకుండా చర్మం గుండా మందును పంపే ఎమల్జెల్‌లు నొప్పులకూ చర్మవ్యాధులకూ ఇప్పటికే వాడుకలో ఉన్నాయి. వాటి తయారీకి పనికొచ్చే బంకలు, నూనెగింజలు భద్రాచలం ఏజెన్సీ అడవుల్లో పుడుతున్నాయి. దుమ్ముగూడెం వంటి అడవి అంచు మండలాలకు ఈ శాస్త్రంతో రెండు వైపుల నుంచీ సంబంధం ఉంది.

గోదావరి ఎడమ గట్టున, భద్రాచలానికి ఎగువన, ఛత్తీస్‌గఢ్ సరిహద్దును ఆనుకుని ఉన్న దుమ్ముగూడెం మండలంలో మనిషి ఒంటి మీద పడే శ్రమ కాలాన్ని బట్టి మారుతుంది. వానాకాలంలో బురద మడుల్లో వరినాట్లు, చలికాలం దాటాక మిర్చి చేలలో కాయ ఏరడం, ఎండలు ముదిరే వేళకు అడవిలో ఇప్పపువ్వు ఏరి, తునికాకు కోసి కట్టలు కట్టడం ఇక్కడి కోయ కుటుంబాలకూ, వారితో పాటు కూలికి వచ్చే సరిహద్దు గ్రామాల వారికీ అలవాటైన పనులు. ఇవన్నీ నడుము, మోకాళ్లు, మణికట్ల మీదా, అంతకు తగ్గకుండా చర్మం మీదా భారం మోపేవే. కీళ్ల నొప్పులు, కండరాలు పట్టేయడం, నీళ్లలో నానిన కాలివేళ్ల సందులు ఒరుసుకుపోవడం, తామర, గజ్జి వంటివి ప్రాణాలు తీసే జబ్బులు కావు కనుక ఆరోగ్య ప్రణాళికల్లో వెనక వరుసలోనే ఉండిపోతాయి. అయితే నిద్రను, కూలిని, బడికి వెళ్లే పిల్లల రోజులను అవి తినేస్తూనే ఉంటాయి.

ఇటువంటి బాధలు చాలావరకు చర్మంలోనో, చర్మానికి కాస్త దిగువనో ఉంటాయి కనుక మందును మొత్తం శరీరమంతా తిప్పకుండా బాధ ఉన్న చోటికే పంపగలిగితే మేలు ఎక్కువ, హాని తక్కువ. ఆ పనికోసం ఔషధ శాస్త్రం రూపొందించిన సాధనాల్లో ఎమల్జెల్ ఒకటి. నూనె, నీరు కలిసిన ఎమల్షన్‌ను జెల్‌లో నిలిపి ఉంచితే వచ్చే పైపూత ఇది. మెడికల్ షాపులో నొప్పికి అడిగితే ఇచ్చే తెల్లని, జిడ్డు తెలియని గొట్టం మందుల్లో చాలా వాటి నిర్మాణం ఇదే. వీటిని కొనుక్కుని రాసుకునే మనుషులే వీటి తయారీకి పనికొచ్చే ముడిసరుకులో కొంత భాగాన్ని అడవి నుంచి సేకరిస్తున్నారన్న సంగతి మాత్రం మందుల పెట్టె మీద ఎక్కడా కనిపించదు.

చర్మం ఎందుకు అడ్డుకుంటుంది

పెద్దవారి ఒంటి మీద చర్మం సుమారు ఒకటిన్నర నుంచి రెండు చదరపు మీటర్ల మేర పరుచుకుని ఉంటుంది. ఇంత విశాలమైన తలుపు ఉండగా మందును నోటి ద్వారానో, సూది ద్వారానో ఎందుకు పంపాలన్న ప్రశ్నకు సమాధానం చర్మపు పైపొరలో ఉంది. స్ట్రాటమ్ కార్నియమ్ అని పిలిచే ఈ మృతకణాల పొర చాలాచోట్ల 10 నుంచి 20 మైక్రోమీటర్ల మందం మాత్రమే ఉంటుంది. ఒక మైక్రోమీటరు అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. తల వెంట్రుక కంటే పలుచనైన ఈ పొరే శరీరంలోని నీటిని బయటికి పోనివ్వదు, బయటి విషాలను లోపలికి రానివ్వదు. దీన్ని శాస్త్రజ్ఞులు ఇటుక గోడతో పోలుస్తారు: కెరటిన్ నిండిన చదునైన మృతకణాలు ఇటుకలైతే, వాటి మధ్య నిండిన సెరమైడ్లు, కొలెస్టరాల్, కొవ్వు ఆమ్లాలు సున్నం. మందు లోపలికి పోవాలంటే ముఖ్యంగా ఈ కొవ్వు సందుల గుండానే వంకరటింకరగా ప్రయాణించాలి.

ఆ ప్రయాణానికి రెండు షరతులు ఉన్నాయి. మొదటిది పరిమాణం. 2000లో యాన్ బోస్, మార్కస్ మైనార్డి అనే పరిశోధకులు అప్పటికి వాడుకలో ఉన్న పైపూత మందులనూ, చర్మానికి తాకితే దద్దుర్లు తెప్పించే పదార్థాలనూ పరిశీలించి, అణుభారం 500 డాల్టన్లకు మించినవి చెక్కుచెదరని చర్మాన్ని దాటలేవని ప్రతిపాదించారు. డాల్టన్ అంటే దాదాపు ఒక హైడ్రోజన్ పరమాణువు బరువు. నొప్పికి రాసే డైక్లోఫెనాక్ సుమారు 296, తామరకు రాసే క్లోట్రిమజోల్ సుమారు 345, గజ్జికి రాసే పెర్మెత్రిన్ సుమారు 391 డాల్టన్లు ఉంటాయి కనుక అవి ఈ హద్దుకు లోబడే ఉన్నాయి; దాదాపు 5,800 డాల్టన్లు ఉండే ఇన్సులిన్ ఈ దారిన పోలేదు. రెండో షరతు స్వభావానికి సంబంధించినది. పైపొరలో కొవ్వు ఉంటే దాని దిగువన ఉన్న జీవకణాల్లో నీరు ఎక్కువ కనుక, మందు కొవ్వులో కరగాలి, అలాగని ఆ కొవ్వులోనే చిక్కుకుపోకుండా నీటి వైపు కొంతైనా మొగ్గు చూపాలి. ఈ రెండు గుణాలూ సమపాళ్లలో ఉన్న మందులు తక్కువ. అందుకే మందు ఎంత ముఖ్యమో, దాన్ని మోసుకెళ్లే పూత కూడా అంతే ముఖ్యం.

నూనె, నీరు, జెల్ ఒకటయ్యే తీరు

మిర్చి ఏరే కూలీలకు చేతుల మంట అనుభవం. చేతులను వట్టి నీళ్లతో ఎంత కడిగినా ఆ మంట సులువుగా పోదు, ఎందుకంటే మిరపలో మంట పుట్టించే క్యాప్సైసిన్ నూనెలో కరిగేదే గాని నీటిలో అంతగా కరగదు. సబ్బు పెట్టి రుద్దితే కొంత వదులుతుంది. సబ్బు అణువుకు ఒక కొస నూనెను, మరో కొస నీటిని పట్టుకునే గుణం ఉండటమే దానికి కారణం. ఇలా రెండింటినీ పట్టి ఉంచే పదార్థాన్ని ఎమల్సిఫయర్ అనీ, దాని సాయంతో ఒక ద్రవం మరో ద్రవంలో సన్నని బిందువులుగా చెదిరి నిలిచిన మిశ్రమాన్ని ఎమల్షన్ అనీ అంటారు. నూనె బిందువులు నీటిలో తేలితే అది కడుక్కోవడానికి సులువైన, జిడ్డు తక్కువైన రకం. నీటి బిందువులు నూనెలో నిలిస్తే జిడ్డుగా, ఎక్కువసేపు చర్మాన్ని అంటిపెట్టుకునే రకం.

ఎమల్షన్‌కు ఒక బలహీనత ఉంది. బిందువులు ఒకదానితో ఒకటి ఢీకొని కలిసిపోతూ, చివరికి నూనె పైకి తేలి, నీరు అడుగున మిగిలే దిశగానే అది ఎప్పుడూ కదులుతుంటుంది. నీటితో చేసిన జెల్‌కు ఉన్న లోపం వేరు: చల్లగా, తేలికగా, రాసుకోవడానికి హాయిగా ఉన్నా నూనెలో కరిగే మందులను అది తనలో ఇముడ్చుకోలేదు. ఈ రెంటినీ కలిపితే ఒకదాని లోటును మరొకటి తీరుస్తుంది. నూనె బిందువులు మందును తమలో కరిగించుకుంటాయి. జెల్‌లోని పొడవైన అణువులు వలలా అల్లుకుని ఆ బిందువులు కదలకుండా, కలిసిపోకుండా పట్టి ఉంచుతాయి.

ప్రయోగశాలలో దీని తయారీ వివరిస్తే సులువుగానే అనిపిస్తుంది. లిక్విడ్ పారాఫిన్ వంటి నూనెలో స్పాన్ అనే ఎమల్సిఫయర్‌నూ, నీటిలో ట్వీన్ అనే మరో ఎమల్సిఫయర్‌నూ కలిపి, రెండింటినీ విడివిడిగా 70 నుంచి 80 డిగ్రీల వరకు వేడిచేసి, మందును అది కరిగే భాగంలో చేర్చి, ఒకదానిలో మరొకటి పోస్తూ చల్లారేదాకా కలియబెడతారు. మరోవైపు కార్బోమర్ అనే కృత్రిమ పాలిమర్ పొడిని నీటిలో నానబెట్టి, ట్రైఇథనోలమిన్ వంటి క్షారాన్ని చుక్కచుక్కగా వేస్తారు. అప్పటిదాకా ముడుచుకుని ఉన్న కార్బోమర్ గొలుసులు క్షారం తగిలాక రుణావేశం పొంది, ఒకదాన్నొకటి తోసుకుంటూ విచ్చుకుని నీటిని పట్టేయడంతో పలుచని ద్రవం కాస్తా చిక్కని జెల్ అవుతుంది. చివరగా ఎమల్షన్‌నూ జెల్‌నూ తగిన పాళ్లలో గాలి బుడగలు చేరకుండా కలుపుతారు. ఇలా తయారైన ఎమల్జెల్‌కు వేలితో రుద్దినప్పుడు పలుచబడి, రుద్దడం ఆపాక మళ్లీ చిక్కబడే గుణం ఉంటుంది. థిక్సోట్రోపీ అనే ఈ గుణం వల్లనే అది గొట్టంలో కారకుండా నిలిచి, మోకాలి మీద మాత్రం ఇట్టే పరుచుకుంటుంది.

రాసిన తర్వాత పైనున్న నీరు, ఆల్కహాల్ ఆవిరైపోయేకొద్దీ మిగిలిన పలుచని పొరలో మందు సాంద్రత పెరిగి, అది లోపలికి తోసుకుపోవడానికి బలం చేకూరుతుంది. ప్రొపిలిన్ గ్లైకాల్, ఓలియిక్ ఆమ్లం, మెంథాల్ వంటి పదార్థాలు పైపొరలోని కొవ్వు అమరికను కొద్దిసేపు సడలించి దారిని సుగమం చేస్తాయి. ఇవి మోతాదు మించితే చర్మం ఎర్రబడి మండుతుంది కనుక, ఎంత కలపాలన్నది తయారీదారు నైపుణ్యానికి పరీక్షగా నిలుస్తుంది.

నొప్పి మందు నేర్పిన పాఠం

ఎమల్జెల్ పేరును ప్రపంచమంతటా ఇంటింటికీ చేర్చినది డైక్లోఫెనాక్. స్విట్జర్లాండ్‌కు చెందిన సిబా గైగీ సంస్థలో పుట్టిన ఈ మందు మొదట మాత్రగా, సూదిమందుగా పేరు పొందింది. నొప్పిని బాగా తగ్గించినా, కడుపులో పుండ్లు, మూత్రపిండాల మీద భారం, గుండెకు ముప్పు అనే చెడు ఫలితాలు దాన్ని వెన్నాడాయి. అదే మందును 1.16 శాతం డైక్లోఫెనాక్ డైఇథైలమిన్ రూపంలో ఎమల్జెల్‌గా మార్చాక పరిస్థితి మారింది. మోకాలికి రోజుకు 4 గ్రాముల చొప్పున నాలుగుసార్లు 1 శాతం డైక్లోఫెనాక్ జెల్ రాసినప్పుడు రక్తంలోకి చేరే మందు, మాత్రలు మింగినప్పుడు చేరే దానిలో సుమారు 6 శాతమేనని తేలింది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఈ జెల్‌ను 2007లో డాక్టరు చీటీ మీద, 2020లో చీటీ లేకుండానే అమ్మడానికి అనుమతించింది.

దీని ఫలితాన్ని అతిగా ఊహించకుండా, తక్కువ చేయకుండా చూడటం అవసరం. వైద్య పరిశోధనలను గుదిగుచ్చి బేరీజు వేసే కాక్రేన్ సమీక్ష 2015లో బెణుకులు, కండరాల పట్టివేతల వంటి తాజా నొప్పుల మీద పైపూతలను పరిశీలించినప్పుడు, డైక్లోఫెనాక్ ఎమల్జెల్ వాడినవారిలో 78 శాతం మందికి చెప్పుకోదగ్గ ఉపశమనం కలగగా, మందు లేని పూత రాసుకున్నవారిలో అది 20 శాతానికే పరిమితమైంది. ఏళ్ల తరబడి అరిగిన మోకీళ్ల విషయంలో తేడా అంత ఉండదు. మందున్న పూతతో దాదాపు 60 శాతం మందికి, మందులేని పూతతో 50 శాతం మందికి మేలు కనిపించింది. నాట్ల కాలంలో నడుము పట్టేసిన మనిషికి ఇది చక్కని ఆసరా. ముప్పై ఏళ్ల బరువు మోసి అరిగిన మోకాలికి మాత్రం వ్యాయామం, విశ్రాంతి, వైద్యుని సలహా కూడా తోడు కావాలి. గర్భం చివరి మూడు నెలల్లో ఉన్నవారు దీన్ని వాడకూడదు. పుండ్ల మీద, తెగిన చోట రాయకూడదు. రాసిన చోట గాలి చొరకుండా గట్టిగా కట్టు కట్టకూడదు.

మిర్చి ఏరే చేతులను మండించే క్యాప్సైసిన్ కూడా నొప్పికి పైపూతగా వాడుకలో ఉండటం గమనార్హం. నరాల కొసల్లో వేడిని పసిగట్టే టిఆర్‌పివి1 అనే గ్రాహకాన్ని క్యాప్సైసిన్ ఉత్తేజపరుస్తుందని 1997లో డేవిడ్ జూలియస్ బృందం కనుగొంది. ఆ పరిశోధనా మార్గానికే ఆయన 2021లో నోబెల్ బహుమతిని పంచుకున్నారు. మొదట మంట పుట్టించి, పదేపదే రాసేకొద్దీ ఆ నరాల కొసలను మొద్దుబార్చడం దీని పని తీరు. అణుభారం సుమారు 305 డాల్టన్లు ఉండి, నూనెలో బాగా కరిగే ఈ పదార్థం ఎమల్జెల్‌కు సరిగ్గా సరిపోతుంది.

తామర మీద రాసేదేమిటి

తేమ, చెమట, తడిబట్టలు కలిసే చోట తామర సులువుగా అంటుకుంటుంది. దాన్ని కలిగించే ఫంగస్ చర్మపు పైపొరలోని కెరటిన్‌నే తిని బతుకుతుంది కనుక, మందు రక్తం దాకా వెళ్లనవసరం లేదు. పైపొరలో చేరి కొన్ని గంటలపాటు నిలిస్తే చాలు. క్లోట్రిమజోల్, కీటోకొనజోల్, లూలికొనజోల్ వంటి తామర మందులు నీటిలో దాదాపు కరగవు కాబట్టి వాటిని ఎమల్జెల్‌గా మలచడం మీద తెలుగు రాష్ట్రాల ఫార్మసీ కళాశాలల్లోనూ విద్యార్థులు ఎన్నో ప్రయత్నాలు చేశారు. జిడ్డు లేని పూత తడి మడతల్లో చర్మాన్ని నానబెట్టదు, బట్టలకు మరక అంటించదు, నీళ్లతో కడిగితే పోతుంది. పనికి వెళ్లే మనిషి క్రమం తప్పకుండా వారాల తరబడి రాసుకోవాలంటే ఈ చిన్న సౌకర్యాలే నిర్ణాయకమవుతాయి.

అయితే పూత ఎంత బాగున్నా అందులోని మందు తప్పైతే ఫలితం తలకిందులవుతుంది. స్టెరాయిడ్, యాంటీబయాటిక్, తామర మందు మూడూ కలిపిన క్రీములు దేశమంతటా అంగళ్లలో చీటీ లేకుండా అమ్ముడుపోయాయి. స్టెరాయిడ్ దురదను ఒకట్రెండు రోజుల్లో అణచివేస్తుంది, దానితో పాటు చర్మపు రక్షణ శక్తినీ అణచివేస్తుంది. దురద తగ్గింది కనుక వ్యాధి తగ్గిందని మనిషి భ్రమపడుతుంటే ఫంగస్ చాటుగా పాకుతుంది. 2018లో కేంద్ర ప్రభుత్వం 14 స్టెరాయిడ్ పైపూతలను డాక్టరు చీటీ ఉంటేనే అమ్మే షెడ్యూల్ హెచ్ పరిధిలోకి తెచ్చింది. టెర్బినఫిన్ వంటి మందులకు లొంగని కొత్త తామర ఫంగస్‌కు 2020లో శాస్త్రజ్ఞులు ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరు పెట్టారు. భారతదేశాన్ని సూచించే ఆ పేరు ఒక హెచ్చరిక. అడవి అంచు గ్రామంలో ఆశా కార్యకర్త చేతికి సరైన పూత అందడం ఎంత అవసరమో, సంత దారిలో దొరికే మిశ్రమ క్రీమును రాయవద్దని చెప్పగల అవగాహన ఆమెకు ఉండటం కూడా అంతే అవసరం.

మోతాదు కొలవడానికి త్రాసు అక్కర్లేదు. పెద్దవారి చూపుడువేలి కొస గీత వరకు గొట్టం నుంచి పిండిన పూత దాదాపు అర గ్రాము ఉంటుందని, అది వేళ్లతో సహా రెండు అరచేతుల మేర చర్మానికి సరిపోతుందని 1991లో బ్రిటన్ వైద్యులు లాంగ్, ఫిన్లే చూపారు. ఇదే వేలికొస కొలత. గజ్జి విషయంలో మాత్రం లెక్క వేరు: 5 శాతం పెర్మెత్రిన్ పూతను మెడ నుంచి అరికాళ్ల వరకు రాత్రి రాసి, 8 నుంచి 14 గంటల తర్వాత కడగాలి, ఇంట్లో అందరూ ఒకేసారి రాసుకోకపోతే అది ఒకరి నుంచి ఒకరికి తిరిగి అంటుకుంటూనే ఉంటుంది. 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ గజ్జిని నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల జాబితాలో చేర్చింది.

తపసి చెట్టు ఇచ్చేది

జెల్‌ను నిలబెట్టే పదార్థం కార్బోమర్ ఒక్కటే కాదు. నీటిలో ఉబ్బి చిక్కబడే చెట్టు బంకలు అంతకు ఎన్నో తరాల ముందు నుంచీ ఉన్నాయి. తూర్పు కనుమల పొడి అడవుల్లో, రాతి గుట్టల మీద పెరిగే తపసి చెట్టు పాలిపోయిన తెల్లని బెరడుతో దూరానికే కనిపిస్తుంది. దాని మానుకు గాటు పెడితే స్రవించి గట్టిపడేదే తపసి బంక. ప్రపంచ మార్కెట్‌లో దీన్ని గమ్ కరాయా అంటారు. దీన్ని ఉత్పత్తి చేసే దేశాల్లో భారతదేశం ముందు వరుసలో ఉంది. భద్రాచలం ఏజెన్సీ గ్రామాల్లో గిరిజనులు సేకరించిన ఈ బంకను గిరిజన సహకార సంస్థ, అంటే అందరూ జీసీసీ అని పిలిచే సంస్థ, రంగు, శుభ్రత ఆధారంగా తరగతులుగా విడదీసి కొంటుంది. 1956లో విశాఖపట్నం కేంద్రంగా మొదలైన ఆ సంస్థ, రాష్ట్ర విభజన తర్వాత రెండు రాష్ట్రాల్లో విడివిడిగా పనిచేస్తోంది.

తపసి బంక అణువులో గ్యాలక్టోజ్, ర్యామ్నోజ్ అనే చక్కెరలూ, చక్కెర నుంచి పుట్టిన యురోనిక్ ఆమ్లాలూ గొలుసులుగా అల్లుకుని, వాటి మీద ఎసిటైల్ సమూహాలు అతుక్కుని ఉంటాయి. ఈ ఎసిటైల్ సమూహాల వల్లనే అది నీటిలో పూర్తిగా కరగకుండా తన పరిమాణానికి ఎన్నో రెట్లు ఉబ్బుతుంది. పాతబడేకొద్దీ అవి విడిపోయి ఎసిటిక్ ఆమ్లంగా మారడం వల్లనే నిల్వ బంకకు పుల్లని వాసన వస్తుంది. నీటిలో కలిపిన ఈ బంక ఆమ్లత సుమారు పీహెచ్ 4.5 దగ్గర ఉంటుంది. ఆరోగ్యమైన చర్మపు పైపొర కూడా కొద్దిగా ఆమ్ల స్వభావం కలదే కావడంతో చర్మానికి ఇది ఎదురు తిరగదు.

చర్మవైద్యంలో ఈ బంకకు ఇప్పటికే ఒక ఘనమైన చరిత్ర ఉంది. పేగు జబ్బులకు శస్త్రచికిత్స చేసి పొట్ట మీద కృత్రిమ ద్వారం అమర్చిన రోగులకు, ఆ ద్వారం నుంచి కారే జీర్ణరసాలు చుట్టూ ఉన్న చర్మాన్ని కాల్చి పుండు చేసేవి. 1950ల్లో అమెరికాలోని క్లీవ్‌ల్యాండ్ క్లినిక్‌లో శస్త్రవైద్యుడు రూపర్ట్ టర్న్‌బుల్, కట్టుడు పళ్లను అంటించడానికి వాడే ఈ బంక పొడి తడి చర్మాన్ని కూడా పట్టుకుని రక్షిస్తుందని గుర్తించారు. ఆయన రోగి అయిన నార్మా గిల్ 1958 నుంచి ఆయనతో కలిసి పనిచేస్తూ ఇటువంటి రోగుల సంరక్షణను ఒక ప్రత్యేక వృత్తిగా తీర్చిదిద్దారు. బంకతో చేసిన వలయాలు, పొడులు ఎన్నో దేశాల్లో రోగుల చర్మాన్ని కాపాడాయి. ఆ బంక తొలి ప్రయాణం మాత్రం భారతదేశపు అడవుల్లో, ఒక సేకర్త భుజాన వేలాడే బుట్టలో మొదలైనది.

తిరుమాను, కొండగోగు, ఇప్ప

తపసి బంక జెల్‌ను ఇస్తే, ఎమల్షన్‌కు కావలసిన గుణం మరో చెట్టులో ఉంది. తిరుమాను లేదా చిరుమాను అని పిలిచే చెట్టు బంక నూనెను నీటిలో సన్నని బిందువులుగా నిలిపి ఉంచడంలో మేటి. గమ్ ఘట్టి పేరుతో పానీయాల నుంచి మందుల దాకా దాన్ని ఎమల్సిఫయర్‌గా వాడతారు. ఎండాకాలంలో ఆకు రాల్చి పెద్ద పసుపు పూలు పూసే కొండగోగు చెట్టు బంక మీద హైదరాబాద్‌లోని ఉస్మానియా విశ్వవిద్యాలయం, భారతీయ రసాయన సాంకేతిక సంస్థ పరిశోధకులు కలిసి పనిచేసి, 2008లో దాని నిర్మాణ వివరాలను ప్రచురించారు. అడవిలో ఎప్పటి నుంచో ఉన్న పదార్థం ఔషధ తయారీలో అడుగుపెట్టాలంటే ముందుగా జరగవలసిన పని ఇదే: అది ఏమిటో, ఎంత శుద్ధమో, ఒంటికి హాని చేస్తుందో లేదో కొలిచి నమోదు చేయడం.

ఎమల్జెల్‌లోని నూనె భాగానికి కూడా ఈ అడవి సమాధానం చెప్పగలదు. ఇప్ప పలుకుల నూనె, కానుగ నూనె ఒంటికి రాసుకోవడం, దీపానికి పోయడం ఇక్కడ పాత అలవాట్లు. ఈ రెండు నూనెల్లోనూ ఓలియిక్ ఆమ్లం పాలు ఎక్కువ. చర్మం గుండా మందు దారిని సుగమం చేసే పదార్థాల్లో ఓలియిక్ ఆమ్లం పేరున్నది. కానీ నూనెలో ఆ ఆమ్లం గ్లిజరాల్‌తో బంధించబడి ఉంటుంది, విడిగా ఉన్నప్పుడు చూపే ప్రభావాన్ని బంధంలో ఉన్నప్పుడు అంతగా చూపదు. కాబట్టి ఇప్ప నూనె రాస్తే మందు దానంతట అదే లోపలికి దూసుకుపోతుందని అనుకోవడం సరికాదు. అది చర్మాన్ని మెత్తబరిచే మంచి నూనె; మందును మోసే వాహనంగా పనికి వస్తుందా, ఏ మందుకు ఎంత పాళ్లలో అన్నది ప్రయోగాలతో తేలవలసిన విషయం. అడవి మీద గౌరవం ఉన్నవారు అడవి పేరిట రుజువు లేని మాట చెప్పకూడదు.

నాణ్యత గాటు దగ్గరే మొదలు

కర్మాగారంలో తయారయ్యే కార్బోమర్‌కు ఒక పెద్ద బలం ఉంది: ఈ ఏడాది సంచి, వచ్చే ఏడాది సంచి ఒకేలా ఉంటాయి. చెట్టు బంకకు ఆ బలం లేదు. ఏ కాలంలో గాటు పెట్టారు, ఎంత లోతుగా పెట్టారు, స్రవించిన బంక ఎక్కడ ఆరింది, వాన తగిలిందా, బెరడు ముక్కలు, ఇసుక కలిశాయా అన్న వాటిని బట్టి దాని చిక్కదనం, రంగు, సూక్ష్మజీవుల సంఖ్య మారిపోతాయి. గొడ్డలితో లోతైన గాట్లు పెడితే ఆ ఏడాదికి బంక ఎక్కువ వస్తుంది, తర్వాత చెట్టు చచ్చిపోతుంది. మానుకు తగినంత గాటు, గాయం మానే వ్యవధి ఇచ్చి తీస్తే చెట్టు ఏళ్ల తరబడి ఇస్తుంది. బంకను నేల మీద కాక శుభ్రమైన గుడ్డ మీద ఆరబెట్టడం, గడ్డలుగానే నిల్వ చేసి పొడి కొట్టడాన్ని చివరికి వాయిదా వేయడం కూడా ముఖ్యమే, ఎందుకంటే పొడి చేసిన తపసి బంక వేడికి, తేమకు త్వరగా చిక్కదనం కోల్పోతుంది. రోగి చర్మం మీదికి చేరే మందు నాణ్యతలో సేకర్త నైపుణ్యం ఒక భాగమని దీన్నిబట్టి స్పష్టమవుతుంది.

ఆ తర్వాతి దశలు ప్రయోగశాలవి. మందు చర్మాన్ని ఎంత వేగంగా దాటుతుందో కొలవడానికి ఫ్రాంజ్ సెల్ అనే గాజు పాత్రను వాడతారు. దాని పై అరలో పూత, మధ్యలో పంది చర్మం వంటి పొర, కింది అరలో ద్రవం ఉంచి, నిర్ణీత వేళల్లో కింది ద్రవంలోకి దిగిన మందును లెక్కిస్తారు. పూత ఎంత సులువుగా పరుచుకుంటుంది, చిక్కదనం ఎంత, ఆమ్లత ఎంత, చల్లబరిచి వేడిచేస్తే నూనె విడిపోతుందా అన్నవి పరీక్షిస్తారు. నిల్వ సామర్థ్యాన్ని త్వరగా అంచనా వేయడానికి 40 డిగ్రీల వేడి, 75 శాతం తేమలో 6 నెలలు ఉంచి చూస్తారు. ఇక్కడే అడవి అంచు ప్రాంతం ఒక ప్రత్యేక ప్రశ్న వేస్తుంది. భద్రాచలం, కొత్తగూడెం ప్రాంతంలో వేసవి పగళ్లు 45 డిగ్రీలను దాటే రోజులుంటాయి. రేకు కప్పు గదిలోనో, ద్విచక్ర వాహనం డబ్బాలోనో ఉన్న గొట్టం అంతకు మించిన వేడిని చవిచూస్తుంది. ఎమల్షన్‌కు వేడి పెద్ద శత్రువు. నూనె వేరుపడి, నీళ్లు కారే పూతలో మందు ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ ఉంటుంది కనుక దాన్ని వాడకూడదు. మారుమూల ఉపకేంద్రాలకు పంపే పైపూతలను కొనేటప్పుడు ధరతో పాటు ఈ వేడిని తట్టుకునే శక్తిని కూడా చూడటం న్యాయం.

హక్కు ఉంది, పరిజ్ఞానం చేరాలి

చట్టం ఈ ప్రజల పక్షాన ఉంది. 1996 నాటి పెసా చట్టం, 2006 నాటి అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఫలసాయం మీద గిరిజనుల యాజమాన్యాన్ని గుర్తించాయి. 2013-14లో కేంద్రం చిన్నతరహా అటవీ ఉత్పత్తులకు మద్దతు ధర పథకాన్ని ప్రారంభించినప్పుడు తపసి బంక, ఇప్ప పలుకులు, కానుగ గింజలు తొలి జాబితాలోనే ఉన్నాయి. స్థానిక జీవవనరులను, వాటి గురించిన జ్ఞానాన్ని వాణిజ్యానికి వాడుకునేవారు లాభంలో వాటా ఇవ్వాలన్న సూత్రాన్ని 2002 నాటి జీవవైవిధ్య చట్టం నిలబెట్టింది. కానీ కిలో లెక్కన అమ్మిన బంకకూ, గ్రాముల లెక్కన అమ్ముడయ్యే పూతకూ మధ్య ఉన్న విలువంతా శుద్ధి, పరీక్ష, ధ్రువీకరణ అనే మెట్ల మీద పుడుతుంది. ఆ మెట్లు అడవికి దూరంగా ఉన్నంతకాలం మద్దతు ధర ఎంత పెంచినా సేకర్తకు మిగిలేది ముడిసరుకు ధరే.

ఈ మెట్లలో మొదటి రెండింటిని భద్రాచలం ఏజెన్సీలోనే కట్టడం అసాధ్యం కాదు. బంకను తరగతుల వారీగా వేరుచేసి, కడిగి, శుభ్రమైన గదిలో ఆరబెట్టి, చిక్కదనాన్ని, తేమను, సూక్ష్మజీవులను కొలిచే చిన్న పరీక్షాశాల ఒకటి సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ నీడలో నడవగలదు. వరంగల్‌లోని కాకతీయ విశ్వవిద్యాలయ ఔషధ శాస్త్ర విభాగం, హైదరాబాద్‌లోని జాతీయ ఔషధ విద్యా పరిశోధన సంస్థ వంటివి దానికి ప్రమాణాలను, శిక్షణను అందించగలవు. ఔషధ తయారీ లైసెన్సు, నియంత్రణ పరీక్షలు అవసరమైన ఎమల్జెల్‌ను గ్రామంలో తయారు చేయమనడం ప్రమాదకరం. కానీ ఔషధ శ్రేణి నాణ్యతతో బంకను గ్రామం నుంచే పంపడం సాధ్యమే, దానికి తగిన ధర అడగడం హక్కు. ఫార్మసీ విద్యార్థులు ఏటా చేసే ప్రాజెక్టుల్లో కొన్నైనా విదేశీ పాలిమర్ల స్థానంలో తపసి, తిరుమాను, కొండగోగు బంకలను తీసుకుని, సేకర్తల ఊళ్లకు వెళ్లి, ఏ చెట్టు నుంచి ఏ నెలలో తీసిన బంక ఎలా పనిచేస్తుందో నమోదు చేస్తే, కొన్నేళ్లలోనే పరిశ్రమ నమ్మదగిన సమాచార భాండారం సిద్ధమవుతుంది.

చర్మం గుండా మందు పంపే శాస్త్రం అణుభారాన్ని, కొవ్వు సందులను, బిందువు పరిమాణాన్ని కొలిచి ఇంత దూరం వచ్చింది. ఆ కొలతల జాబితాలో చెట్టు ఆరోగ్యాన్ని, బంక తీసే మనిషి కూలిని, అదే మనిషి మోకాలి నొప్పిని కూడా చేర్చినప్పుడు ఆ శాస్త్రం ఇంకా సంపూర్ణమవుతుంది. నొప్పికి రాసే పూత మీద దుమ్ముగూడెం వాసికి రోగిగా ఎంత హక్కు ఉందో, దానికి పనికొచ్చే ముడిసరుకును తీసే నిపుణునిగా కూడా అంత హక్కు ఉంది. ప్రభుత్వాలు, విశ్వవిద్యాలయాలు, మందుల పరిశ్రమ ఈ రెండు హక్కులనూ ఒకే పథకంలో గుర్తించాలి.